గుర్రం నాది కాదు, మంగళ శనివారాలు నావి

శనివారం సాయంత్రం ఫోను చేసినప్పుడల్లా అమ్మ ఒకే ప్రశ్న వేస్తుంది: "ఆ గుర్రం మనది కాదు కదే, డబ్బులిచ్చి మరీ దాని లద్దె నువ్వెందుకు ఎత్తాలి?" ఈ ప్రశ్నకు నేను ఒక్కోసారి ఒక్కో ముక్క చెబుతూ వస్తున్నాను. మొత్తం సంగతి ఒక్క ఫోనులో ఇమిడేది కాదు గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేస్తున్నది జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో. ఈ నగరం చుట్టూ ఉన్న పల్లెప్రాంతం గుర్రాలకు పేరుపడ్డది. తూర్పున ఉన్న వారెన్‌డోర్ఫ్ అనే చిన్న పట్టణంలో 1826లో స్థాపించిన ప్రభుత్వ అశ్వశాల ఈనాటికీ నడుస్తోంది, జర్మనీ గుర్రపుస్వారీ సమాఖ్య కార్యాలయం కూడా అక్కడే ఉంది. సైకిలెక్కి ఏ పల్లెదారి పట్టినా కంచె వెనక నాలుగైదు గుర్రాలు మేస్తూ కనిపిస్తాయి. అయితే కళ్ళెదుట ఇన్ని గుర్రాలున్నా, ఒకదాన్ని సొంతంగా పెంచడం నెలజీతం మీద బతికేవాళ్ళకు తేలిక కాదు. కొనే ధర సంగతి అలా ఉంచితే, శాలలో చోటుకూ మేతకూ నెలనెలా కట్టే సొమ్ము, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి వచ్చి డెక్కలు చెక్కి లాడాలు కొట్టే మనిషి కూలి, టీకాలు, పళ్ళు అరగదీయించడం, బీమా, అన్నిటికీ మించి రోజూ రెండు మూడు గంటల సమయం కావాలి. అందుకే ఇక్కడ యజమానులు తమ గుర్రం పనిలోనూ ఖర్చులోనూ స్వారీలోనూ మరొకరిని చేర్చుకుంటారు. ఈ ఏర్పాటును జర్మన్‌లో రైట్‌బెటైలిగుంగ్ అంటారు, అంటే స్వారీలో భాగస్వామ్యం అని. వారానికి కొన్ని రోజులు గుర్రం నీది, ఆ రోజుల పని నీది, నెలకు కొంత సొమ్ము నీ వంతు.

మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నాకు మా ఊళ్ళో గేదెను పాలుకు, అంటే వంతుకు, ఇవ్వడం గుర్తొచ్చింది. మా వైపు పెయ్యదూడను ఒకరు ఇస్తారు, ఇంకొకరు దాన్ని మేపి పెంచుతారు, అది ఈనే నాటికి వెలకట్టి చెరిసగం చూసుకుంటారు. కాగితం ముక్క ఉండదు, అయినా ఊళ్ళో అందరికీ ఏ గేదె ఎవరి పాలుదో తెలుసు. కానీ ఇక్కడి పాలులో చివర పంచుకోవడానికి ఏమీ మిగలదు. గుర్రం ఏటేటా ముసలిదవుతుంది, దాని వెల తగ్గుతూ పోతుంది, ఇద్దరం పంచుకునేది రోజులనూ ఖర్చునూ మాత్రమే. ఈ తేడా అప్పుడు నాకు మాటగా తెలుసు. అసలు అర్థం రెండేళ్ళ తరవాత తెలిసింది, ఆ సంగతికి వస్తాను.

నా పాలుకు వచ్చిన గుర్రం వెస్ట్‌ఫాలియన్ జాతి ఆడగుర్రం. మన పాత తెలుగులో గోడిగ అంటారు. చింతపిక్క రంగు, నుదుట తెల్లచుక్క, 2021లో నేను మొదటిసారి చూసేనాటికి దానికి పద్నాలుగేళ్ళు. ఈ జాతిలో పిల్లకు పేరు పెట్టేటప్పుడు తండ్రిగుర్రం పేరులోని మొదటి అక్షరంతోనే మొదలుపెట్టాలన్న ఆనవాయితీ ఉంది, ఆ ప్రకారం దీనికి ఫ్రేయా అని పేరు వచ్చింది. యజమానురాలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సు. వారంలో ఏడు రోజులూ శాలకు రావడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

నేను అప్పటికి మూడేళ్ళు స్వారీ పాఠాలు నేర్చుకుని ఉన్నాను గనుక, మొదటి రోజు నా స్వారీ చూస్తారనుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను గుర్రం ఎక్కనివ్వలేదు. పచ్చికలో ఉన్న గుర్రాన్ని పట్టుకుని తీసుకురమ్మన్నారు, దువ్వమన్నారు, నాలుగు డెక్కలూ శుభ్రం చేయమన్నారు, మళ్ళీ తీసుకెళ్ళి పచ్చికలో వదలమన్నారు. రెండోసారి పిలిచినప్పుడే జీను వేయించారు. డెక్క శుభ్రం చేయడం చూడటానికి చిన్న పనే. వంగి, కాలు ఎత్తి పట్టుకుని, ఇనుపకొక్కెంతో మడమ వైపు నుంచి ముందుకు మట్టిని గీకాలి, డెక్క మధ్య త్రికోణంలా మెత్తగా ఉండే భాగాన్ని కొక్కెం మొన తగలకుండా బ్రష్షుతో తుడవాలి. అక్కడి సందుల్లో నల్లటి తడి కనిపించి కుళ్ళిన వాసన వస్తే తడినేల మీద ఎక్కువసేపు నిలబడి డెక్క పుచ్చడం మొదలైందని అర్థం. ఆవిడ నా చేతులను చూడలేదు, కొక్కెం పక్కన పెట్టాక నేను ముక్కు దగ్గరగా తీసుకెళ్ళి వాసన చూస్తానో లేదో చూశారు. అది ఆవిడే తరవాత చెప్పారు.

మూడు వారాలు ఇలా గడిచాక రెండు పేజీల ఒప్పందం రాసుకున్నాం. మంగళవారం, శనివారం నావి. నెలకు తొంభై యూరోలు. హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు, గెంతులు వేయించకూడదు, నా బదులు మరొకరిని ఎక్కించకూడదు, మేత మార్చకూడదు. ఆవిడ ఫోను ఎత్తని సమయంలో ప్రాణం మీదికి వస్తే పశువైద్యుణ్ణి పిలిచే అధికారం నాకుంటుంది. ఎవరు మానుకోదలచినా నెల ముందు చెప్పాలి. ఇంత పరిచయమయ్యాక కాగితం ఎందుకని మనవాళ్ళకు అనిపించవచ్చు. నాకైతే ఈ కాగితం వల్లే ఆవిడతో మాట్లాడటం సులువైంది, ఏది అడిగి చేయాలో ఏది అడగకుండా చేయాలో తెలిసింది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడికి వచ్చి ఇలాంటి ఏర్పాటులో చేరే తెలుగువాళ్ళు దీన్ని పట్టించుకోకుండా చేరడం చూశాను. జర్మన్ పౌరస్మృతి 833వ సెక్షన్ ప్రకారం, జీవనోపాధి కోసం కాక సరదాకు పెంచుకునే జంతువు ఎవరినైనా గాయపరిస్తే, యజమాని తప్పు ఉన్నా లేకపోయినా నష్టం భరించవలసింది యజమానే. మరి పాలుకు చేరిన మనిషే కింద పడితే? 2017లో న్యూరెంబర్గ్ హైకోర్టు ఇలాంటి దావాలోనే తీర్పు చెప్పింది. భాగస్వామ్యంలో చేరినంత మాత్రాన ఆ మనిషి గుర్రానికి సహయజమాని అయిపోరని, యజమాని బాధ్యత దానంతటది రద్దు కాదని అంటూనే, ఆ సమయంలో గుర్రాన్ని తన అధీనంలో ఉంచుకున్నది స్వారీ చేసే మనిషే గనుక నష్టంలో సగం వాళ్ళే భరించాలంది. అందువల్ల చేరేముందు యజమాని బీమాలో ఇతర రౌతుల పేరు మీద రక్షణ ఉందో లేదో కాగితం చూపించమని అడగాలి. అడిగితే బాగుండదేమోనని ఊరుకోకూడదు. మా యజమానురాలు నేను అడగకముందే ఆ కాగితం నకలు నా చేతిలో పెట్టారు.

మేము ఉంటున్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో నేను చేరిననాటికి ఇంకో నియమం ఉండేది. పొలాల దారుల్లోనూ అడవిలోనూ స్వారీకి వెళ్ళే గుర్రానికి కళ్ళెం రెండు పక్కలా పసుపుపచ్చ నంబరు పలకలు ఉండాలి, ఏటేటా రుసుము కట్టి వాటి మీద కొత్త స్టిక్కరు అంటించుకోవాలి. ఆ సొమ్ముతో స్వారీ దారులు బాగుచేసేవారు. శనివారం పొద్దున జీను బిగించి, పలకలు తగిలించి, రికాబులో కాలు పెట్టే ఆ క్షణం కోసమే వారమంతా ఎదురు చూసేదాన్ని.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వస్తాను. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు. దాని శరీరానికి జీర్ణకోశం చిన్నది, పేగులు పొడుగు, రోజంతా కొద్దికొద్దిగా మేస్తూ ఉండాలి. మా గుర్రం ఐదువందల అరవై కిలోలుంటుంది. వంద కిలోల బరువుకు కనీసం కిలోన్నర ఎండుగడ్డి చొప్పున రోజుకు దాదాపు ఎనిమిదిన్నర కిలోలు దానికి పడాలి. ఈ లెక్కలో ఎక్కడ తేడా వచ్చినా మొదట తెలిసేది లద్దెలోనే. గుండ్రంగా, తడిగా, విరిస్తే నార కనిపించేలా ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. గట్టిగా చిన్న ఉండలుగా ఉంటే నీళ్ళు తాగడం లేదని, పొద్దుటి నుంచి అసలు కనిపించకపోతే కడుపునొప్పి మొదలవుతోందని అనుమానించాలి. ఆ పైన ముందుకాలితో నేల గీరడం, పక్కకు తిరిగి తన డొక్కనే చూసుకోవడం, పడుకుని లేస్తూ ఉండటం కనిపిస్తే ఇక ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవాలి. తీరిగ్గా ఉన్న గుర్రం నాడి నిమిషానికి 28 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. దవడ ఎముక కింద వేలు పెట్టి ఆ నాడి లెక్కపెట్టడం నాకు నేర్పింది కూడా లద్దె ఎత్తుతున్న ఒక మంగళవారమే. అమ్మా, లద్దె ఎత్తే పని వేరేవాళ్ళకు అప్పగిస్తే ఆ రోజు గుర్రం ఎలా ఉందో నాకు తెలియకుండా పోతుంది, అందుకే నేను ఎత్తుతాను.

అమ్మ ఇంకొకటి అడుగుతుంది, ఉలవలు పెడతారా అని. ఇక్కడ ఉలవలు దొరకవు, ఎండుగడ్డి, కొద్దిగా ఓట్లు, ఖనిజలవణాల గుళికలు పెడతారు. మన ఊళ్ళలో గుర్రమంటే ఉలవల దాణాయే గుర్తొస్తుంది కదా, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇల్లు జ్ఞాపకం వస్తుంది.

ఏడాదిలో ఒక్కో కాలానికి ఒక్కో పని ఉంటుంది. వసంతంలో కొత్త పచ్చిక మొలిచినప్పుడు గుర్రాన్ని ఒక్కసారిగా మేతకు వదిలితే లేతగడ్డిలోని చక్కెరల వల్ల డెక్క లోపలి పొర వాచి, గుర్రం అడుగు వేయలేని స్థితికి రావచ్చు. అందుకే మొదటి రోజు పదిహేను నిమిషాలు, తరవాత రోజుకు కాస్త కాస్త పెంచుతూ వారాల తరబడి అలవాటు చేస్తాం. వేసవిలో పచ్చికలో పసుపుపూల మొక్క ఒకటి లేస్తుంది, జర్మన్‌లో యాకోబ్స్‌క్రాయిట్స్‌క్రౌట్ అంటారు, అది గుర్రం కాలేయాన్ని పాడుచేస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు గుర్రాలు దాని జోలికి పోవు కానీ, ఎండుగడ్డిలో కలిసిపోతే చేదు తగ్గి తినేస్తాయి. జూన్, జూలై నెలల్లో నా శనివారాలు సగం స్వారీకి, సగం చేతులకు గ్లవ్స్ వేసుకుని ఆ మొక్కలను వేళ్ళతో సహా పీకడానికి పోతాయి. కలుపు తీయడం వచ్చిన చేతులు గనుక నాకు ఆ పని కష్టమనిపించలేదు.

మా గుర్రానికి ముగ్గురం రౌతులం. గురువారం నాడు పదహారేళ్ళ స్కూలు అమ్మాయి వస్తుంది. ఒక గుర్రాన్ని ముగ్గురు ఎక్కితే మూడు రకాల చేతులు పగ్గాలు పడతాయి. ఒకరు కాలి మడమతో మెల్లగా తాకి ముందుకు పొమ్మంటే, ఇంకొకరు రెండుసార్లు కొట్టి గానీ అనరు, గుర్రం ఎవరి మాట వినాలో తెలియక చివరికి ఎవరి మాటా వినకుండా మొద్దుబారుతుంది. మొదటి ఆరునెలల్లో మాకు అదే జరిగింది. యజమానురాలు ముగ్గురినీ నెలకోసారి ఒకే గురువు దగ్గర, ఒకే రోజు, ఒకరి తరవాత ఒకరిని ఎక్కించడం మొదలుపెట్టాక గానీ సర్దుకోలేదు. పక్కన నిలబడి మరొకరి స్వారీ చూసినప్పుడే నా ఎడమచేయి ఎంత బిగుసుకుపోతుందో నాకు తెలిసింది, ఎందుకంటే ఆ అమ్మాయి ఎక్కినప్పుడు గుర్రం మెడ వదులుగా సాగింది.

జీన్లు పెట్టే గదిలో మేకుకు వేలాడే ఒక నోటుపుస్తకం ఉంది. ఎవరు వచ్చినా వెళ్ళేముందు అందులో రాయాలి. లద్దె ఎన్ని కుప్పలు, కాళ్ళు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, ఎంతసేపు, ఏ నేల మీద, ఏ నడక. వాట్సాప్‌లో రాస్తే మాటలు పైకి కొట్టుకుపోతాయని యజమానురాలు ఈ పుస్తకమే ఉంచారు.

2023 అక్టోబరులో ఒక శనివారం నేను ఆ పుస్తకంలో ఒక తప్పుడు మాట రాశాను. ఆ రోజు ఇసుక మైదానంలో ట్రాట్, అంటే మెల్లని పరుగు, చేయిస్తుంటే ఎడమవైపు వలయం తిరిగేటప్పుడు గుర్రం అడుగు చిన్నదవుతోంది. మళ్ళీ నిటారు దారిలో బాగానే ఉంది. నేను మడమతో అదిలించాను. అదిలించిన కాసేపు సాగింది, మళ్ళీ తగ్గింది. మా తాతయ్య మాటిమాటికీ అనే సామెత నా బుర్రలో తిరుగుతోంది: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళతో కుంటుతుంది. నేనే మెత్తబడుతున్నానని, దానికి అలుసిస్తున్నానని అనుకుని, కొరడా తీసుకుని మరో పది నిమిషాలు తిప్పాను. చీకటి పడుతోందన్న తొందరలో, దిగాక నాలుగు కాళ్ళనూ చేత్తో తడిమి చూడవలసింది చూడకుండా, పుస్తకంలో "ఇవాళ బద్ధకంగా ఉంది" అని రాసి వచ్చేశాను.

మర్నాడు పొద్దున యజమానురాలు ఫోను చేశారు. ఎడమ ముందుకాలు, మోకాలి కింద వెనకవైపు, వాచి వెచ్చగా ఉంది. వైద్యుడు వచ్చి అల్ట్రాసౌండ్ తీసి, కాలి వెనక దిగే స్నాయువులో కొన్ని పోగులు తెగాయన్నాడు. నేను శాలకు పరుగెత్తేసరికి ఆవిడ రాత్రి డ్యూటీ చేసి వచ్చిన బట్టల్లోనే, గొట్టంతో ఆ కాలి మీద చన్నీళ్ళు పోస్తూ నిలబడి ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను, కొరడా సంగతితో సహా. ఆవిడ కేకలు వేయలేదు. ఏ వైపు తిరిగినప్పుడు మొదలైంది, మొదటి నుంచీ ఉందా లేక వేడెక్కాక వచ్చిందా, తల ఊపిందా అని అడిగారు. తల ఊపడం అంటే ఏమిటో నాకు తెలుసు. నొప్పి ఉన్న ముందుకాలు నేల మోపినప్పుడు గుర్రం బరువు తప్పించడానికి తల పైకెత్తుతుంది. ఊపిందో లేదో నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే నేను చూడలేదు, నా మడమల మీదే దృష్టి పెట్టాను. అప్పుడావిడ, "బద్ధకం అన్న మాట ఆ పుస్తకంలో ఎప్పుడూ రాయకు. ఏ కాలు, ఏ వైపు, ఎప్పటి నుంచి, అంతే రాయి," అన్నారు.

తాతయ్య సామెత తప్పని నేననను. రోజూ ఒకే గుర్రంతో బతికిన మనిషి అన్న మాట అది, దాని అలుసుకూ నొప్పికీ ఉన్న తేడా అలాంటి రౌతుకు ఒంటికి తెలుస్తుంది. వారానికి రెండు రోజులు వచ్చే నాలాంటివాళ్ళు మాత్రం ఆ సామెతను వాడుకోకూడదు. నిన్న ఎలా ఉందో చూడని మనిషికి ఇవాళ్టి తేడా గురించి తీర్పు చెప్పే హక్కు లేదు, కనిపించినది కనిపించినట్టు చెప్పే బాధ్యతే ఉంది.

ఆ తరవాత ఆరు నెలలు స్వారీ లేదు. మొదట శాలలోనే విశ్రాంతి, రోజుకు రెండుసార్లు పదేసి నిమిషాలు తాడు పట్టుకుని నడిపించడం, వైద్యుడు మళ్ళీ స్కాన్ చేసి సరేనన్నాక ఆ నిమిషాలను పెంచడం. నవంబరు మొదటి తారీఖున యజమానురాలు, ఎక్కే వీలు లేదు కనుక నువ్వు డబ్బు కట్టనక్కరలేదు, కావాలంటే వేరే గుర్రం చూసుకో, నేనేమీ అనుకోను అన్నారు. ఒప్పందంలో ఈ సంగతి మేము రాసుకోలేదు. మన సామెతలలో ఇంకొకటి నాకు అప్పుడు అక్కరకొచ్చింది, గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు అన్నది. దాన్ని జర్మన్‌లో చెప్పి, తొంభై యూరోలూ యథాప్రకారం పంపించాను. తరవాత ఇద్దరం కూర్చుని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాం: గుర్రం ఎక్కడానికి వీల్లేని కాలంలో సొమ్ము సగం, పని మామూలే. సగమని పట్టుబట్టింది ఆవిడే. ఎవరైనా ఇలాంటి ఏర్పాటులో చేరుతుంటే ఈ వాక్యం మొదటి రోజే రాసుకోమని నా సలహా. గుర్రం కుంటిననాడు మాట్లాడుకోవలసి వస్తే ఇద్దరికీ కష్టంగా ఉంటుంది.

ఆ చలికాలంలో మంగళవారాలు ఉద్యోగం నుంచి వచ్చేసరికే చీకటి. తలకు లైటు కట్టుకుని, శాల వెనక సిమెంటు దారి మీద ఫ్రేయాను నడిపించేదాన్ని, దాని ఎడమ భుజం పక్కన నేను, మా ఇద్దరి ఊపిరీ ఆవిరిగా కలిసిపోయేది. గట్టినేల మీద లాడాలు పడే చప్పుడును లెక్కపెట్టడం అప్పుడే అలవాటైంది. నాలుగు చప్పుళ్ళూ ఒకే ఎడంతో వినిపించాలి. మొదట్లో మూడోది కాస్త ముందే పడేది. జనవరి నడిమికి ఆ తేడా చెవికి అందనంత తగ్గింది. ఎక్కి కూర్చున్న రెండేళ్ళలో ఆ గుర్రం అడుగును నేను అంత శ్రద్ధగా వినలేదు.

2024 ఏప్రిల్‌లో వైద్యుడు ఎక్కవచ్చన్నాడు, నడక మాత్రమే, ఇరవై నిమిషాలు. యజమానురాలు తానే ముందు ఎక్కుతారనుకున్నాను. ఆ రోజు శనివారం, నీ రోజు అని రికాబు పట్టుకుని నిలబడ్డారు. పసుపు పలకలు తగిలించి, పొలాల మధ్య గట్టిదారిలో వెళ్ళి వచ్చాను, ఆవిడ పక్కనే నడిచారు. దిగాక నాలుగు కాళ్ళూ తడిమి, పుస్తకంలో రాశాను: "ఇరవై నిమిషాలు, నడక, గట్టినేల, తల ఊపలేదు." ఆ తరవాతి శనివారం నేను వెళ్ళేసరికి నా మంగళవారం రాత కింద ఆ స్కూలు అమ్మాయి గురువారం నాటి గుండ్రటి చేతిరాత ఉంది: "ఇరవై నిమిషాలు, నడక. ఎడమ ముందుకాలు చల్లగా ఉంది. లద్దె మూడు కుప్పలు. చెవులు ముందుకు పెట్టింది."